బేగంపేట రన్‌వే దగ్గర ఇల్లు లేపాలంటే ముందు చూడాల్సిన నంబరు: నోకాస్ సేవపై నా రివ్యూ

బేగంపేట ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల సొంత జాగా ఉండి, దాన్ని డెవలప్‌మెంట్‌కి ఇద్దామనుకుంటున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. బిల్డర్‌తో అగ్రిమెంట్ రాసుకోకముందే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ళు ఎత్తు అనుమతులిచ్చే నోకాస్ వెబ్‌సైట్‌లోకి వెళ్ళి, మీ జాగా మీద ఎంత ఎత్తు వరకు కట్టొచ్చో తెలుసుకోండి. అగ్రిమెంట్ అయ్యాక తెలిస్తే ఆ ఎత్తు కోసం కొట్లాట ఇంట్లోవాళ్ళ మధ్యే మొదలవుతుంది. ఈ సేవను నేను మా అమ్మ పేరు మీద వాడాను. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. దీని చుట్టూ తిరిగే ఏజెన్సీలకు మాత్రం ఒక్కటి కూడా ఇవ్వను. ఆ సంగతి కిందకి వస్తుంది.

మా ఇల్లు రన్‌వే పడమటి కొసవైపు, ఫతేనగర్ పక్క కాలనీలో ఉంది. నాన్న కట్టించిన రెండంతస్తుల ఇల్లు. నాన్న పోయాక జాగా అమ్మ పేరు మీదకి మారింది. అన్న, నేను, చెల్లె, అమ్మ నలుగురం కూర్చుని, పాత ఇల్లు తీసేసి అపార్ట్‌మెంట్‌కి ఇద్దామనుకున్నాం. బిల్డర్ స్టిల్ట్ ప్లస్ ఐదు అన్నాడు, అంటే కింద పార్కింగ్, పైన ఐదు ఫ్లోర్లు. ఫ్లోర్‌కి రెండు ఫ్లాట్లు, సగం సగం షేర్. అంటే మాకు ఐదు ఫ్లాట్లు వస్తాయి. ఐదోది అమ్మి అమ్మ పేరున బ్యాంకులో వేద్దామని చెల్లె అప్పుడే లెక్క కట్టేసింది.

చాలామంది అడిగే ప్రశ్న ముందే చెప్తాను. "2008లోనే విమానాలన్నీ శంషాబాద్ వెళ్ళిపోయాయి కదా, ఇంకా బేగంపేటలో ఈ రూల్స్ ఎందుకు?" ప్యాసింజర్ విమానాలు వెళ్ళిపోయిన మాట నిజమే. ఆ ఏడాది మార్చి 23 నుంచి శంషాబాద్‌లో మొదలయ్యాయి. కానీ బేగంపేట ఎయిర్‌పోర్టు మూతపడలేదు. మంత్రులు, వీఐపీలు వచ్చే ప్రత్యేక విమానాలు, చార్టర్లు, పైలట్ శిక్షణ విమానాలు, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళవి ఇక్కడ దిగుతూనే ఉంటాయి, లేస్తూనే ఉంటాయి. వింగ్స్ ఇండియా విమానాల ప్రదర్శన జరిగినప్పుడు మా మేడ మీదనుంచి కాలనీ పిల్లలంతా చూస్తారు. శిక్షణ విమానం నడిపేది నేర్చుకుంటున్న కుర్రవాడో అమ్మాయో. వాళ్ళ కింద మన ఇళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయన్నది ఇద్దరికీ ప్రాణం మీది విషయం. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ రోడ్డు వరకు వేసే ఎలివేటెడ్ కారిడార్‌ను కూడా ఎయిర్‌పోర్టు దగ్గర సుమారు 600 మీటర్లు సొరంగంలో నుంచి తీసుకెళ్ళేలా ప్లాన్ చేశారు. ప్రభుత్వ రోడ్డే అక్కడ కిందకి దిగుతోందంటే మన అపార్ట్‌మెంట్‌కి మినహాయింపు ఎవరిస్తారు?

ఇక అసలు విషయం. మన నగరంలో ఇంటి ఎత్తును మామూలుగా రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు, చుట్టూ వదిలే ఖాళీ తేలుస్తాయి. 2006లో వచ్చిన జీఓ 86 తరువాత ఎఫ్‌ఎస్‌ఐ హద్దు, అంటే ప్లాటు సైజును బట్టి మొత్తం ఇంత విస్తీర్ణమే కట్టాలనే లెక్క, కూడా తీసేశారు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల జీఓ 168 చదివిన బిల్డర్ ఎవరైనా మీ రోడ్డు చూసి ఎన్ని ఫ్లోర్లు వస్తాయో నోటిలెక్కగా చెప్పేస్తాడు. ఎయిర్‌పోర్టు చుట్టూ మాత్రం దీనిపైన ఇంకో లెక్క ఉంది. దానికి ఆధారం కేంద్ర పౌర విమానయాన శాఖ 2015లో తెచ్చిన ఎత్తు నియంత్రణ నియమాలు. వీటిని 2020లో కొంత సవరించారు. ఇందులో ఎత్తును మీ గుమ్మం నుంచి కొలవరు, సముద్ర మట్టం నుంచి కొలుస్తారు. మీకిచ్చే కాగితంలో ఇన్ని ఫ్లోర్లు అని ఉండదు. "ఈ జాగాలో ఏ వస్తువూ సముద్ర మట్టానికి ఇన్ని మీటర్ల పైకి పోకూడదు" అని ఒక్క నంబరు ఉంటుంది. దాన్నే పర్మిసిబుల్ టాప్ ఎలివేషన్ అంటారు. అందులోంచి మీ నేల ఎత్తు తీసేస్తే మిగిలేదే మీ ఇల్లు.

బేగంపేట ఎయిర్‌పోర్టు సముద్ర మట్టానికి 531 మీటర్ల ఎత్తులో ఉంది. ఇంత పెద్ద రన్‌వేకి చుట్టూ 4 కిలోమీటర్ల మేర, ఎయిర్‌పోర్టు ఎత్తుకి 45 మీటర్ల పైన, ఆకాశంలో గీసిన చదునైన హద్దు ఒకటి ఉంటుందనుకోండి. అంటే సుమారు 576 మీటర్లు. అది దాటాక అక్కడినుంచి ప్రతి 20 మీటర్ల దూరానికి ఒక మీటరు చొప్పున హద్దు పైకి లేస్తుంది. ఎత్తుగడ్డ మీద ఉన్న జాగాకీ నాలా పక్కన పల్లంలో ఉన్న జాగాకీ నంబరు ఒకటే కావొచ్చు. కానీ గడ్డ మీదివాళ్ళకు రెండు ఫ్లోర్లు తక్కువొస్తాయి. గుట్టలూ పల్లాలూ ఉన్న మన ఊళ్ళో పక్క వీధివాడికి ఏడు ఫ్లోర్లు వచ్చాయి కాబట్టి మనకూ వస్తాయనుకోవడం కుదరదు.

రన్‌వే కొసలకు ఎదురుగా ఉన్నవాళ్ళది మరీ కష్టం. విమానం దిగే దారి కింద హద్దు ఫ్లైఓవర్ ర్యాంపులా వాలుగా లేస్తుంది, కానీ చాలా మెల్లగా. మొదటి 3 కిలోమీటర్లలో 2 శాతం వాలు. అంటే 50 మీటర్లు దూరం జరిగితే ఒక్క మీటరు పైకి. కిలోమీటరు అవతల కూడా దొరికేది 20 మీటర్లే. మా ఇల్లు సరిగ్గా ఈ వాలు కింద పడింది.

వెబ్‌సైట్ గురించి చెప్తాను. దరఖాస్తుకు ముందు చూడాల్సింది రంగుల జోనింగ్ మ్యాపు. ఎయిర్‌పోర్టు చుట్టూ నేలనంతా గడులుగా కోసి, ఒక్కో గడికి ఒక రంగు, ఒక ఎత్తు ఇచ్చారు. ఎరుపు కాని గడిలో మీ జాగా ఉండి, మీ ఇంటి పైకొస ఆ గడిలో రాసిన ఎత్తు లోపలే ఉంటే స్థానిక సంస్థే అనుమతి ఇచ్చేయొచ్చు, విడిగా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) అక్కర్లేదు. ఎర్ర జోన్‌లో ఉంటే ఎంత చిన్న ఇల్లయినా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ తప్పనిసరి. ఇది మ్యాపు మీదే తేలిపోవడం నాకు చాలా నచ్చింది. ఏ ఆఫీసుకీ వెళ్ళి ఎవరినీ బతిమాలక్కర్లేదు. రంగు చూసి మనమే తెలుసుకోవచ్చు. మాది ఎరుపు.

దరఖాస్తులో అడిగేవి ఎక్కువేం కాదు. ఓనరు వివరాలు, జాగా అడ్రసు, ప్లాటు ప్రతి మూల అక్షాంశ రేఖాంశాలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో, నేల సముద్ర మట్టానికి ఎంత ఎత్తు, ఎంత ఎత్తు కట్టాలనుకుంటున్నారు. వీటితో పాటు ఓనరు సంతకంతో ఒక హామీపత్రం. బ్యాంకులో ఫారాలు నింపడం అలవాటున్న ఎవరైనా కూర్చుని చేసేసుకోవచ్చు. ఫైలు ఎక్కడుందో లాగిన్ అయితే కనిపిస్తుంది. మాకు ఎన్‌ఓసీ మేము అనుకున్నదానికంటే ముందే వచ్చింది.

అన్నింటికన్నా ముఖ్యమైన గడి నేల ఎత్తు. మాకు గొడవ వచ్చింది కూడా ఇక్కడే. ఎన్‌ఓసీ చేయించి ఇస్తామని బిల్డర్ తరఫున ఒక ఏజెన్సీ అతను వచ్చాడు. పేరు రాయను. ఫారాలన్నీ నింపుకొని, అమ్మ సంతకం కోసం తీసుకొచ్చాడు. నేల ఎత్తు 526 మీటర్లు అని రాసి ఉంది. మా కింద రెండిళ్ళ అవతల ఉన్నవాళ్ళు అంతకుముందే ఎన్‌ఓసీ తీసుకున్నారు. ఆ కాగితం నేను చూశాను. వాళ్ళది 529 చిల్లర. వానొస్తే నీళ్ళు మా గేటు ముందునుంచి వాళ్ళ గేటు వైపే పారతాయి, వాళ్ళనుంచి మాకు ఏనాడూ రాలేదు. అలాంటప్పుడు మా నేల వాళ్ళకంటే మూడు మీటర్లు కింద ఎలా ఉంటుంది?

అడిగితే, "మేడమ్, నాలుగైదు మీటర్లు ఎవరు చూస్తరు? ఎత్తు తక్కువ రాస్తేనే కదా మీకు ఐదో ఫ్లోర్ వచ్చేది. అందరూ ఇట్లనే చేస్తున్నరు" అన్నాడు. అమ్మ పెన్ను పక్కన పెట్టేసి, "నాయనా, సంతకం నాది కదా" అంది. అంతే, అతను ఫైలు తీసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ అన్న ఆ ఒక్క మాటలోనే విషయమంతా ఉంది. ఎన్‌ఓసీ కాగితం మీదే స్పష్టంగా రాసి ఉంటుంది, జాగా అక్షాంశ రేఖాంశాలూ నేల ఎత్తూ దరఖాస్తుదారు ఇచ్చినవే, వాటి నిజానిజాలకు అథారిటీ బాధ్యత వహించదు అని. హామీపత్రం మీద సంతకం ఓనరుది, ఏజెన్సీదీ కాదు, బిల్డర్‌దీ కాదు. నేల ఎత్తు తక్కువ రాసినంత మాత్రాన ఆకాశంలో హద్దు పైకి జరగదు. పైకొస నంబరు అలాగే ఉంటుంది, మీ ఇల్లు మాత్రం దాన్ని పొడుచుకుని పైకి పోతుంది. రేపు ఎయిర్‌పోర్టువాళ్ళు అడ్డంకుల సర్వే చేసినప్పుడు దొరికితే, అడ్డు వచ్చిన మేరకు కట్టడాన్ని, చెట్టయినా సరే, తీయించడానికి 1994 నుంచే విడిగా నియమాలున్నాయి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం లేచిన కాసేపటికే మెడికల్ కాలేజీ హాస్టల్ మీద కూలింది. విమానంలో 241 మంది, నేల మీద 19 మంది పోయారు. దానికి భవనాల ఎత్తు కారణమని ఎవరూ అనలేదు. అయినా వారం తిరక్కుండానే కేంద్రం అడ్డుకట్టడాల తొలగింపుపై కొత్త ముసాయిదా నియమాలు తెచ్చింది. ఫ్లాటు కొనుక్కుని, లోను కట్టుకుంటూ ఉన్నవాళ్ళ పైఅంతస్తుకి నోటీసు వస్తే వాళ్ళు ఎవరిని అడగాలి? ఆ ఐదో ఫ్లోర్ మేము అమ్మేసి ఉండేవాళ్ళం. నోటీసు అందుకునేది ఎవరో ముక్కూమొహం తెలియని కుటుంబం. ఇది ఆలోచిస్తే నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

తరువాత మేమే ఒక సర్వేయర్‌ను పిలుచుకున్నాం. ఇతనికి మాత్రం ఐదుకి ఐదు. పొద్దున్నే డీజీపీఎస్ పరికరం తెచ్చాడు, మామూలు జీపీఎస్ కంటే కచ్చితంగా కొలిచేది. ఒకటి ఖాళీ జాగాలో స్టాండు మీద నిలబెట్టి, రెండోది పొడుగాటి కర్ర మీద బిగించి ప్లాటు నాలుగు మూలలా పెట్టాడు. కర్రకు ఉన్న చిన్న నీటిబుడగ మధ్యకు వచ్చేదాకా సర్ది, కదలకుండా పట్టుకుని రీడింగ్ తీశాడు. ఈశాన్యం మూల రాయి మట్టిలో కూరుకుపోయి ఉంటే పారతో తవ్వి బయటపెట్టి మరీ కొలిచాడు. నాన్న పోయించిన ఫ్లోరింగ్ మీద పెట్టబోతే అన్న అడ్డుపడి నేల మీదే తీయమన్నాడు. "నేనూ అదే చేస్తానన్నా, ఇది పోల్చి చూసుకోవడానికి" అన్నాడతను ఓపిగ్గా.

అతను చెప్పిన ఒక ముక్క అందరికీ తెలియాలి. జీపీఎస్ పరికరం సహజంగా ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, భూమికి లెక్కకోసం గీసుకున్న ఒక నున్నటి గుండ్రటి రూపం నుంచి. మన హైదరాబాద్ దగ్గర ఈ రెండింటికీ దాదాపు 75 మీటర్ల తేడా ఉంది. పరికరంలో 450 చిల్లర కనిపిస్తే కంగారుపడకూడదు, దాన్ని సముద్ర మట్టానికి మార్చుకోవాలి. ఈ మార్పిడి ఎలా చేశారో, ఏ బెంచ్‌మార్క్‌తో (ఎత్తు ముందే తెలిసిన గుర్తుతో) సరిచూశారో మీ సర్వేయర్‌ను తప్పక అడగండి. ఫోన్ యాప్‌లో చూసి రాసేవాళ్ళను గుమ్మం దాటనివ్వకండి. కొన్ని యాప్‌లు ఒక లెక్కన, కొన్ని ఇంకో లెక్కన చూపిస్తాయి. ఇంటి వెనకా ముందూ తిరిగితేనే నంబరు మారిపోతుంది.

మా నేల 531 మీటర్లని తేలింది. అదే వేసి దరఖాస్తు పెట్టాం. ఎన్‌ఓసీలో పైకొస 549 వచ్చింది. అంటే నేలనుంచి 18 మీటర్లు. ఏజెన్సీ లెక్కలో అదే 23 అయ్యుండేది.

పద్దెనిమిది మీటర్లంటే స్టిల్ట్ మూడు, ఐదు ఫ్లోర్లు పదిహేను, సరిగ్గా సరిపోయింది కదా అని చెల్లె సంబరపడింది. అది కుదరదు. ఎన్‌ఓసీలో షరతు చదవండి. మెట్ల మీది హెడ్‌రూమ్, ఓవర్‌హెడ్ ట్యాంకు, టీవీ యాంటెన్నా, పిడుగు నుంచి కాపాడే లైట్నింగ్ అరెస్టర్, ఏదైనా సరే ఆ నంబరు దాటకూడదు. స్టిల్ట్ ప్లస్ నాలుగుకి టెర్రస్ స్లాబు 15 మీటర్ల దగ్గర వస్తుంది. హెడ్‌రూమ్ రెండున్నర, మొత్తం 17.5. మన అలవాటు ప్రకారం హెడ్‌రూమ్ మీద ట్యాంకు ఎక్కిస్తే మళ్ళీ దాటిపోతుంది. మా ఆర్కిటెక్ట్ ట్యాంకును హెడ్‌రూమ్ మీదనుంచి దించి, టెర్రస్ మీదే తక్కువ ఎత్తు పీఠం వేసి పడుకునే రకం ట్యాంకులు రెండు పెట్టించాడు. నీటి ఒత్తిడి కోసం పై ఫ్లోరుకి చిన్న ప్రెజర్ పంపు. అరెస్టర్ కడ్డీ కురచది. సోలార్ ప్యానెళ్ళు వాలుగా ఎత్తకుండా కిందకి పరిచాడు. అంతా కలిపి 549 లోపలే ఉంది.

మాకు ఐదు బదులు నాలుగు ఫ్లాట్లు వచ్చాయి. అమ్మకొకటి, మా ముగ్గురికీ ఒక్కోటి. బిల్డర్ మొదట మొహం మాడ్చుకున్నాడు. ఎన్‌ఓసీ కాగితం ముందుపెట్టాక ఒప్పుకున్నాడు. ఇదే అగ్రిమెంట్ తరువాత బయటపడి ఉంటే తగ్గిన ఫ్లోరు ఎవరి షేర్‌లోంచి పోవాలని కోర్టుల చుట్టూ తిరిగేవాళ్ళం. మాకిచ్చింది తక్కువనిపించి, పై కమిటీకి అప్పీలు చేద్దామా అని అన్న అడిగాడు. అప్పీలుకి దారి ఉంది. కానీ విమానం దిగే వాలు కింద కూర్చుని రెండు మీటర్ల కోసం పోట్లాడడానికి నాకు మనసొప్పలేదు.

కాగితంలో ఇంకొన్ని షరతులున్నాయి, జనం పట్టించుకోనివి. 8 కిలోమీటర్ల లోపల పొగ రాని ఇంధనమే వాడాలి. పైలట్ల కళ్ళు చెదిరేలా, దారి తికమకపడేలా లైట్లు పెట్టకూడదు. ఎన్‌ఓసీ గడువు 8 ఏళ్ళు. పైగా ఇది పౌర విమానాశ్రయాలకు మాత్రమే. హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్‌వి, అక్కడ రక్షణశాఖ అనుమతి విడిగా తెచ్చుకోవాలి. అల్వాల్, బొల్లారం వైపు ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఇంటి ఎత్తుతో సంబంధం లేనిది కూడా ఒకటి చెప్తాను. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల పక్షులు చేరేలా చెత్త, మాంసం వ్యర్థాలు వేయడం విమాన నియమాల ప్రకారం నిషేధం. మా కాలనీ చివర నాలా గట్టు మీద చికెన్ వ్యర్థాల సంచులు రోజూ పడుతూనే ఉన్నాయి. వాటి మీద గద్దలు తిరుగుతుంటే, వాటి పైనుంచే శిక్షణ విమానం దిగుతుంటే నా గుండె ఆగినంత పనవుతుంది. కాలనీ అసోసియేషన్‌లో ఈ మాట నేను ఎత్తుతూనే ఉన్నాను, ఎత్తుతూనే ఉంటాను.

నాలుగున్నరే ఎందుకు ఇచ్చానంటే, ఆ రంగుల మ్యాపు ప్రతి వార్డు ఆఫీసు గోడ మీద తెలుగులో అంటించి ఉండాలని నా కోరిక. డెబ్భై ఏళ్ళ ఓనర్లు వెబ్‌సైట్‌లోకి వెళ్ళరు, ఏజెన్సీ అతను చూపించిన చోట సంతకం పెడతారు. వాళ్ళకు గోడ మీది మ్యాపే దిక్కు.

ఇప్పుడు మాది మూడో స్లాబు దాకా వచ్చింది. అగ్రిమెంట్‌లో ఒక క్లాజు పెట్టించాం, మీరూ పెట్టించండి. టెర్రస్ స్లాబుకి సెంట్రింగ్ కట్టగానే, కాంక్రీటు పోయకముందే, అదే సర్వేయర్ వచ్చి సెంట్రింగ్ పైఅంచు సముద్ర మట్టానికి ఎంతుందో కొలిచి రాసివ్వాలి. కొలిపించే ఖర్చు మాది. హద్దు దాటితే సరిచేసే ఖర్చు బిల్డర్‌ది.